ఎవరి సొమ్మూ కాని చిలుక

జ్యేష్ఠ బహుళ ఏకాదశి నాడు, పొద్దు బారెడెక్కిన వేళ, కుంభనగరంలోని ఇల్లడశాల గడపను రాజభటులు పీకేశారు. పీకేసి, లోపల ఉన్న ఒక చిలుకను పంజరంతో సహా పట్టుకుపోయారు.

ఇల్లడశాల యజమానురాలు ఈరమసాని అప్పుడు ఇంట్లోనే ఉంది. అడ్డుపడింది. ఇద్దరు భటులు ఆమెను స్తంభానికి ఒత్తి పట్టుకున్నారు. ఇద్దరు గునపాలతో గడప కింద మట్టి తవ్వారు. అది మద్ది కర్ర గడప. ఈరమసాని ముత్తవ్వ వేయించింది.

కుంభనగరానికి రెండు కోటలు. లోపలి కోటలోకి ప్రాణమున్న జంతువును గాని పక్షిని గాని తీసుకుపోకూడదు. పూర్వం ఒక మాంత్రికుడు పిల్లి రూపంలో పడకటింట్లో దూరి రాజును చంపాడు. అప్పటి నుంచి ఈ కట్టడి. లోపలికి పోయేవాడు తన గుర్రాన్నో, వేటకుక్కనో, డేగనో వాకిలి పక్కనున్న ఇల్లడశాలలో దాచి పోవాలి. దాచిన దానిని ఇల్లడ అంటారు. దాచేవాడు ఈరమసాని అరచేతిలో చిటికెడు ఉప్పు పెడతాడు. ఆమె దానిని నాలుక మీద వేసుకుంటుంది. అంతటితో మాట కుదిరినట్టే. ద్వారం పక్క రాతి మీద శాసనం చెక్కి ఉంది: ఉప్పు పెట్టిన చేతికే ఇల్లడ, మరెవరి కోసమూ అది ఈ గడప దాటరాదు.

"చూడు సానమ్మా, ఈ చిలుక మీద ధర్మసభలో ఫిర్యాదు పడింది. శాసనం నేనూ చదివాను," అన్నాడు తలారి ఉద్దండుడు, పంజరం చంకలో ఇరికించుకుని. "గడప దాటరాదని ఉంది. ఇప్పుడు గడపే లేదు. ఇంక దాటేదేముంది?"

"నీ తెలివి మండ! ఇన్నేళ్లలో ఒక్క దొంగకైనా తోచలేదురా ఈ తెలివి!"

"దొంగలు చదువుకోరు కదా," అన్నాడు ఉద్దండుడు. భటులు నవ్వుకుంటూ వీధిన పడ్డారు.

చిలుకను దాచినవాడు మైలారుడు. మోకులు పేనే కులంలో పుట్టినవాడు. అతను లోపలి కోట నుంచి తిరిగి వచ్చేసరికి ఈరమసాని గడప పీకిన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. అతని భుజాన మోకు చుట్ట. చేతిలో సొరకాయ బుర్ర. మెడ మీద పాము కోరల గాటు నుంచి నెత్తురు కారుతోంది.

"నా చిలుకేదమ్మా?" అన్నాడు.

జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను బుర్రను గోడకు ఆనించి నిలబెట్టాడు.

"అది చిలుక కాదు, సానమ్మా. మా చెల్లెలు చెంగల్వ."

ఆ మాట ఈరమసాని ఇంతవరకు ఎరగదు. ఇల్లడ ఎవరిదని, ఏమిటని అడగడం ఆమె ఇంటి వాడుక కాదు. మైలారుడు నిలబడే చెప్పాడు. కృష్ణదంతుడనే మాంత్రికుడు చెంగల్వను పెళ్లాడమన్నాడు. ఆమె వాడి మొహాన పేడనీళ్లు కొట్టింది. వాడు ఆవాలు మంత్రించి చల్లాడు. మైలారుడు వాడి గుహలోంచి పంజరాన్ని ఎత్తుకొచ్చాడు. విరుగుడు ఒక్కటే ఉంది: లోపలి కోటలోని చంద్రబావి నీళ్లు. ఆ ఊట పుష్కరానికి ఒక్కసారి, ఈ ఏకాదశి నాడే ఊరుతుంది. పొద్దు కుంకితే అవి మామూలు నీళ్లు.

చంద్రబావికి మెట్లు లేవు. గోడల నిండా పాలరాతి పడగలు చెక్కి ఉన్నాయి. ఏ పడగ రాయో, ఏ పడగ ప్రాణమున్నదో చెయ్యి వేస్తే గాని తెలియదు. మైలారుడు మోకు పట్టుకుని దిగాడు. రాయి అనుకున్న ఒక పడగ కదిలింది. బుర్ర నిండేవరకు అతను మోకు వదల్లేదు.

"లే అమ్మా," అన్నాడు. "చిలుక ఎక్కడుందో అక్కడికి పోదాం."

"నువ్వు చెప్పాలా?" అంది ఈరమసాని. కొంగు బిగించింది. "నా నాలుక మీద ఉప్పు ఇంకా కరగలేదు."

ధర్మసభ వెలుపలి కోటలోనే ఉంది. పైకప్పుకు నెమలి పింఛాలు, నేలకు స్ఫటికం పలకలు, న్యాయాధిపతి పీఠానికి నాలుగు వైపులా దంతపు సింహాలు. ఫిర్యాదులతో వచ్చినవాళ్లు కూర్చోవడానికి చాప కూడా లేదు. న్యాయాధిపతి సుమతిభట్టు పీఠం మీద ఉన్నాడు. ఆయన ముందు బల్ల మీద పంజరం ఉంది. దాని పక్కన రత్నాల వర్తకుడి వేషంలో ఒకడు తాంబూలం నములుతున్నాడు.

వాడి నోరు చూడగానే మైలారుడు కేక వేశాడు. "అయ్యా, వీడు వర్తకుడు కాడు! కృష్ణదంతుడు! మా చెల్లెలిని చిలుకగా మార్చిన మాంత్రికుడు!"

కృష్ణదంతుడు తాంబూలం ఉమ్మి, తలపాగా తీసి, బొగ్గు లాంటి పళ్లు కనబడేలా నవ్వాడు.

"కాదన్నానా? మార్చాను. అందుకే చిలుక నాది."

సభలో ఎవరో నవ్వారు. సుమతిభట్టు నవ్వలేదు. "వివరంగా చెప్పు," అన్నాడు.

"ఏలినవారి రాజ్యంలో పనివాళ్ల శాసనం ఉంది. మట్టి ఎవరి చేనిదైనా కుండ కుమ్మరిది. దూది ఎవరిదైనా బట్ట నేసినవాడిది. పాత సరుకు మళ్లీ పాత రూపానికి రాకుండా పోతే, కొత్త వస్తువు పని చేసినవాడికే చెందుతుంది. ఇక్కడ ఒక ఆడపిల్ల ఉండేది. నేను చిలుకను చేశాను. మంత్రం నాది, శ్రమ నాది, ఆవాలు కూడా నావే. ఈ మోకులవాడు నా గుహలోంచి నా వస్తువును ఎత్తుకొచ్చాడు."

"చెల్లే వాదమే," అన్నాడు సుమతిభట్టు.

"చెల్లడమా!" ఈరమసాని గొంతు పైకప్పు పింఛాలకు తగిలింది. "పిల్ల మట్టిముద్దా, అయ్యగారూ? వీడు దూదేకుల పని చేశాడా?"

"మాంత్రికుడి పని పని కాదని శాసనంలో లేదమ్మా. నీ తగాదా ఏమిటో నువ్వు చెప్పు."

"నాది ఒకటే మాట. ఈ అబ్బి నా చేతిలో ఉప్పు పెట్టాడు. చిలుకను ఈ అబ్బి చేతికే ఇస్తాను. ఇది నాదని పదిమంది రానీండి, పట్టపుదేవి రానీండి, వాళ్ల తగాదా వాళ్లు బయట తేల్చుకోవాలి. నా ఇంట్లో చొరబడి ఇల్లడ పట్టుకుపోవడానికి ఈ తలారి ఎవరు?"

సుమతిభట్టు ఉద్దండుడి వైపు తిరిగాడు. "ఇల్లడ గడప దాటిందా?"

"లేదండి. గడప అప్పటికే తీసేశాం."

"అయితే శాసనం చెడలేదు. కూర్చోమ్మా."

కూర్చోవడానికి ఏమీ లేదు గనుక ఈరమసాని నిలబడే ఉంది.

అప్పుడు పంజరంలో చిలుక మాట్లాడింది. "అన్నా, నేను చెంగల్వను. నన్ను వీడి చేతికి ఇవ్వకు." గొంతు చిలుకదే, మాట మాత్రం స్పష్టంగా ఉంది. సభ అంతా విన్నది.

"చిలుక నేర్పిన పలుకు పలుకుతుంది," అన్నాడు సుమతిభట్టు. "సాక్ష్యం కింద చెల్లదు."

మైలారుడు బుర్ర ఎత్తి పట్టుకున్నాడు. "పాత రూపం మళ్లీ రాదని వీడే కదా అన్నాడు? వస్తుంది. ఈ నీళ్లు పోయనీండి. మీ కళ్లతోనే చూడండి."

"తగాదాలో ఉన్న వస్తువును తీర్పు చెప్పేదాకా ఎవరూ మార్చరాదు."

"తీర్పు ఎప్పుడు చెబుతారు?"

"హక్కు తేలాక. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఈ చిలుక నీ సొమ్మేనా?"

ఈరమసాని మైలారుడి పైపంచె పట్టి లాగింది. అతను గమనించలేదు.

"మనిషి ఒకరికి సొమ్మవుతుందా, అయ్యా?" అన్నాడు. "నా చెల్లెలు నా సొమ్ము కాదు. వీడి సొమ్మూ కాదు. ఎవరి సొమ్మూ కాదు!"

సుమతిభట్టు తాటాకుల కట్టకు దారం చుట్టాడు. "విన్నాం. ఎవరి సొమ్మూ కానిది రాజు సొమ్ము. ఏటికి కొట్టుకొచ్చిన దుంగ, తప్పిపోయిన ఆబోతు, యజమాని లేని చిలుక. ఉద్దండా, దీనిని లోపలి కోటలో రాజోద్యానానికి చేర్చు."

ఉన్నమాట చెప్పినందుకు మైలారుడు ఓడిపోయాడు. బల్ల మీదికి దూకబోతే నాలుగు ఈటెలు అతని ఛాతీకి అడ్డం వచ్చాయి. కృష్ణదంతుడు అతని పక్క నుంచి పోతూ గొంతు తగ్గించి, "పోనీలేరా మైలారా," అన్నాడు. "ఉద్యానం మాలి నా శిష్యుడే." ఈ మాట ఈరమసాని చెవిన కూడా పడింది.

ఉద్దండుడు పంజరంతో లోపలి కోట వాకిలి చేరాడు. కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ప్రాణమున్న పక్షి. పోవడానికి వీల్లేదు."

"ఇది రాజుగారి చిలుకరా!"

"రాజుగారిదైతే మాత్రం పక్షి కాకుండా పోతుందా, తలారి గారూ? రాజముద్ర తెండి, వదులుతాను."

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసు. మొన్న మీ గుర్రాన్ని ఆపింది నేనే."

రాజు ఆ వేళ జలక్రీడలో ఉన్నాడు. ముద్రకు సాయంత్రం దాకా ఆగాలి. చిలుకను వీధిలో పట్టుకుని నిలబడడం తలారి హోదాకు తగదు. ఆ కోటలో పక్షిని దాచే చోటు మరొకటి లేదు. ఉద్దండుడు పంజరం తెచ్చి ఇల్లడశాలలో దించాడు. ఈరమసాని మొహం చూడకుండా చిటికెడు ఉప్పు తీసి చెయ్యి చాచాడు.

ఈరమసాని ఆ ఉప్పు వంక చూసింది. తీసుకుని నాలుక మీద వేసుకుంది.

ఉద్దండుడు వాకిట ఇద్దరు భటులను పెట్టి రాజముద్ర కోసం వెళ్లాడు. ఎదుటి అరుగు మీద కృష్ణదంతుడు మఠం వేసుక్కూర్చుని కొత్త తాంబూలం చుట్టుకున్నాడు. మైలారుడు దొడ్డిదారిన గుర్రాల కొట్టంలోంచి లోపలికి వచ్చాడు.

"వాడి ఉప్పు ఎలా తిన్నావమ్మా?" అన్నాడు. "పొద్దున నా ఉప్పు, మధ్యాహ్నం వాడి ఉప్పు! నీకు నాలుకా, సంతలో గంపా?"

"నోరు తగ్గించు. నేను తినకపోతే వాడు మాలిని వాకిలికి పిలిపించి ఆ పంజరాన్ని వాడి చేతికి ఇచ్చేవాడు. అప్పుడు ఎవరి నోట్లో ఉప్పు ఉండేది?"

"అయితే ఇవ్వు."

"ఇవ్వను. ఇప్పుడిది తలారి పెట్టిన ఇల్లడ. వాడు దొంగే. దొంగకైనా మాట మాటే. మా ముత్తవ్వ తన కొడుకును పొడిచినవాడి గుర్రాన్ని కూడా వాడి చేతికే ఇచ్చింది."

"నీకూ నా చెల్లెలు సరుకే అన్నమాట!"

ఈరమసానికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. గోడ మీద ఎండ ఎర్రబడుతోంది. కొట్టంలో గుర్రాలు నీళ్లతొట్టిని డెక్కలతో తడుతున్నాయి. వాటికి నీళ్లు పట్టే వేళ అది.

మైలారుడు ఆ చప్పుడు విన్నాడు. బుర్ర ఆమె ముందు పెట్టాడు.

"ఇవ్వొద్దమ్మా. నాకూ ఇవ్వొద్దు, వాడికీ ఇవ్వొద్దు. ప్రాణమున్న ఇల్లడకు దాహమైతే నీళ్లు పడతావా, పట్టవా? అది చెప్పు."

ఈరమసాని బుర్ర వంక చూసింది. పంజరం వంక చూసింది.

"పట్టకపోతే నేను ఇల్లడశాల దాన్నెలా అవుతాను?" అంది.

పంజరం తలుపు తీసి, కంచు గిన్నెలోకి నీళ్లు వంచి, చిలుకను అరచేతి మీదికి తీసుకుంది. ముక్కుకు గిన్నె అందించి, నీళ్లు తల మీద కూడా పోస్తుండగా వాకిట్లో కేక వినబడింది. కృష్ణదంతుడు అరుగు దిగి పరుగున వస్తున్నాడు. వాడి గుప్పిట్లోంచి ఆవాలు లేచాయి. ఒక్కో ఆవగింజ ఒక్కో నిప్పురవ్వ అయింది. గిన్నె ఈరమసాని చేతిలోనే పగిలింది. మిగిలిన నీళ్లు నేల పాలయ్యాయి.

చిలుక అరచేతి మీది నుంచి నేలకు జారింది. అది పడిన చోట ఒక పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్లుంటాయి. కుడి చెయ్యి చెయ్యే. ఎడమ భుజం నుంచి మాత్రం పచ్చటి రెక్క వేలాడుతోంది.

"అన్నా," అంది.

"తర్వాత మాట్లాడుకుందాం. లే!" మైలారుడు ఆమెను చెయ్యి పట్టి లేపాడు.

భటులు ఈటెలతో దూసుకొచ్చారు. ఈరమసాని మూలనున్న రోకలి అందుకుని నడవకు అడ్డం నిలబడింది. వెనక రెండు వేటకుక్కలు గొలుసులు తెంచుకునేలా గింజుకుంటున్నాయి. ఆమె ఆ గొలుసులు విప్పలేదు. అవీ ఎవరివో ఇల్లడలే. రోకలితో ముందు వచ్చిన భటుడి మోకాలు మీద కొట్టింది. రెండోవాడు వాడి మీద తూలి పడ్డాడు.

కృష్ణదంతుడికి నడవతో పని పడలేదు. గబ్బిలమై ఆమె తల మీదుగా ఎగిరిపోయాడు.

ఇల్లడశాల వెనక మెట్లు వెలుపలి కోటగోడ మీదికి పోతాయి. ఈరమసాని రోకలి పారేసి ఆ మెట్లెక్కింది. పైకి వచ్చేసరికి మోకు ఒక కొస బురుజు కొమ్ముకు కట్టి ఉంది. మైలారుడు దిగుతున్నాడు. చెంగల్వ అతని వీపున ఉంది. కింద అగడ్త. పడమటి ఎండకు నీళ్ల మీద రాగిరేకు పరిచినట్టుంది. ఆ రేకు మధ్య మొసళ్ల వీపులు తేలుతున్నాయి.

గబ్బిలం బురుజు మీద వాలి కృష్ణదంతుడైంది. వాడు వంగి మోకు ముడి మీద వేలు పెట్టాడు.

ముడి సడలింది. మోకు మెలి తిరిగింది. నార పొలుసులైంది. కొస తలయింది. మైలారుడి చేతిలో ఉన్నది ఇప్పుడు కొండచిలువ.

"వదలకురా అబ్బీ!" అని ఈరమసాని అరిచింది.

అతను వదల్లేదు. అది అతని మెడకు చుట్టుకోబోయింది. చెంగల్వ రెక్క విప్పింది. ముగ్గురూ, అన్న, చెల్లెలు, పాము, ఒక్క చుట్టగా గోడ నుంచి విడిపోయి గాలిలో రెండుసార్లు గిరగిర తిరిగి అగడ్తలో పడ్డారు. నీళ్లు బురుజు సగం ఎత్తుకు లేచాయి. మొసళ్లు అన్నీ ఒక్కసారే ఆ వైపు తిరిగాయి.

సూర్యాస్తమయ భేరి మోగింది.

రాజముద్ర పట్టుకుని ఉద్దండుడు మెట్లెక్కి వచ్చాడు. "సానమ్మా, నా ఇల్లడ."

"దాహమైతే నీళ్లు పట్టాను."

"నా చిలుకేదీ?"

"నీ భటులను అడుగు. నీళ్లు పడితే ఆడపిల్ల అయింది."

"ఇల్లడ పాడుచేశావు!"

"పాడుచేయకూడదని ఉంది, తలారీ. బాగుచేస్తే నేరమని ఉంటే చదివి వినిపించు. నువ్వు చదువుకున్నవాడివి కదా!"

ఉద్దండుడు శాసనం చదవలేదు. సంకెళ్లు తెప్పించాడు. రాజు సొమ్మును మార్చిందన్నది ఆమె మీద మోపిన నేరం. కృష్ణదంతుడి మీద ఏ నేరమూ మోపలేదు. బురుజు మీద వెతికారు. వాడు అక్కడ లేడు.

మరునాడు పొద్దున్నే ఈరమసానిని చెరసాలకు ఎడ్లబండిలో తీసుకుపోయారు. దారి అగడ్త గట్టు మీదుగా పోతుంది. జాలరులు అప్పటికే వలలు లాగుతున్నారు. కొండచిలువ మొండెం దొరికింది. తల దొరకలేదు. మైలారుడి పైపంచె దొరికింది. మనుషుల దేహాలు దొరకలేదు.

"ఎవరైనా గట్టెక్కారా?" అని ఆమె బండి మీద నుంచి అడిగింది.

ముసలి జాలరి ఒకడు అవతలి గట్టు బురద చూపించాడు. అక్కడ నీళ్ల అంచు నుంచి అడవి వైపు అడుగుల వరుస ఒకటి పోయింది. ఒక్క మనిషి అడుగులే. మడమ నుంచి వేళ్ల దాకా, బరువు మోసేవాళ్ల అడుగుల్లా లోతుగా దిగాయి. కురచ పాదాలు, ఆడమనిషివి.